పుల్లరి లెక్క, పచ్చిక లెక్క

తరగతిలో పాఠం చెబుతుండగా ఒక్కొక్కప్పుడు ఒక మాట మనలను పుస్తకం వెలుపలికి లాగుకొనిపోతుంది. నాకు అట్టి మాట ‘పుల్లరి’ అయినది. పల్నాటి అటవీ సత్యాగ్రహ ప్రస్తావన వచ్చి, పుల్లరి అనగా ఏమి అని విద్యార్థులను అడిగితే, పన్ను అన్నారు కొందరు. బ్రిటిషువారు వేసిన పన్ను అన్నారు మరికొందరు. రెండూ నిజమే. ‘పులు’ అనగా గడ్డి. తమిళంలోని ‘పుల్’, కన్నడంలోని ‘హుల్లు’ దీనికి తోబుట్టువులు. ‘అరి’ అనగా కప్పము. పసరము మేసిన గడ్డికి చెల్లించే కప్పము పుల్లరి. ఇంతవరకు చెప్పి పాఠం ముగించబోతుండగా వెనుక బల్ల మీది విద్యార్థి ఒకడు లేచి, “సార్, గడ్డికి పన్ను అయితే గడ్డిని కొలిచి వేయాలి గదా! పశువులను లెక్కపెట్టి ఎందుకు వేశారు?” అని అడిగినాడు. అతడు గొర్రెల కాపరుల ఇంటి బిడ్డ.

ఆ పూట సరియైన సమాధానం నేను చెప్పలేకపోయినాను. తరువాత ఆలోచించగా, ఆ ప్రశ్నలో ఒక శాస్త్రమే ఇమిడి ఉన్నదని తెలిసివచ్చినది. ఒక బీడు ఎన్ని పశువులను మోయగలదు, ఎన్నాళ్ళు మోయగలదు అని ముందుగా లెక్కకట్టి, ఆ మేరకే మందను తోలడం ఆ శాస్త్రం యొక్క సారం. నేను తెలుగు చదువుకొన్నవాడినే గాని పశుశాస్త్రం చదువుకొన్నవాడిని కాను. అయినను లెక్క చిన్నది. కూడిక, గుణింతం, భాగహారం వచ్చిన ఎవరైనా చేయగలిగినది. మన విద్యార్థులలో అనేకుల ఇండ్లలో నాలుగు మేకలో, రెండు గేదెలో, ఇరవై గొర్రెలో ఉన్నవి కాబట్టి, ఈ విషయం మన పత్రికలో చోటుచేసుకొనడం అసందర్భం కాదని భావిస్తున్నాను.

ముందుగా పుల్లరి కథ. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో పల్నాటి అడవులలో పెద్ద భాగం రిజర్వు అడవి అయినది. అంతకుముందు ఊరి పసరాలు స్వేచ్ఛగా మేసిన చోట, ఇక తలకింత అని రుసుము చెల్లించి పర్మిటు పొందవలసి వచ్చినది. 1921లో సహాయ నిరాకరణోద్యమ కాలంలో పల్నాటి రైతులు పుల్లరి చెల్లించము అన్నారు. పసరాలను పర్మిటు లేకుండానే అడవికి తోలినారు. అటవీ ఉద్యోగులను సాంఘికంగా బహిష్కరించినారు. పరిస్థితి చూచి రమ్మని కాంగ్రెసువారు పంపగా వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారిని ప్రభుత్వం నిర్బంధించినది. ‘మాలపల్లి’ నవలాకర్తగా మనమెరిగిన ఉన్నవ వారే ఆయన. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద జరిగిన కాల్పులలో కన్నెగంటి హనుమంతు ప్రాణాలు అర్పించినాడు. గడ్డి కోసం, పసరం కోసం ఒక మనిషి నేలకొరిగిన గడ్డ మనది.

అటవీ శాఖవారు కొన్ని భాగాలను మూసివేయడం, పశువుల సంఖ్యకు హద్దు పెట్టడం కూడ చేసేవారు. కాని రైతు కంటికి కనిపించిన లెక్క ఒక్కటే: తలల లెక్క. వానలు బాగా కురిసి గడ్డి మోకాలెత్తు ఎదిగిన ఏడు, కరవు వచ్చి నేల నెర్రెలు విచ్చిన ఏడు, తల తలే, రుసుము రుసుమే. మేత లేని ఏట మేతకు పన్ను కట్టమనడం కన్న రైతు కడుపు మండించే సంగతి మరొకటి ఉండదు. ఈ తలల లెక్క అలవాటు తెల్లదొరలతో పోలేదు. 1919లో మొదలైన పశుగణన మన దేశంలో నేటికీ సాగుతున్నది. ఇరవయ్యవ పశుగణన 2019లో జరిగినది. ఏ జిల్లాలో ఎన్ని గొర్రెలు, ఎన్ని గేదెలు అని మనకు తెలుసు. అదే జిల్లాలోని ఊరి బీళ్ళలో ఎన్ని కిలోల గడ్డి మొలుస్తున్నదో అడగండి. గ్రామ రికార్డులలో ఎక్కడా దొరకదు.

విద్యార్థి ప్రశ్న వెంటబడి ఒక ఆదివారం నేను క్రోసూరు పొలిమేరలోని బీటికి పోయినాను. అక్కడ గొర్రెలను మేపుకొంటున్న ఒక వృద్ధుడు తుమ్మ నీడన కర్రకు గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. “తాతా, ఈ బీడు ఎన్ని గొర్రెలను మేపుతుంది?” అని అడిగినాను. ఆయన నన్ను ఎగాదిగా చూచి, “ఎన్ని గొర్రెలని అడిగితే ఏం చెప్పేది మాస్టారూ? ఎన్ని రోజులని అడగండి, చెబుతా” అన్నాడు.

నేను తరువాత చదివిన శాస్త్రమంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే. బీడు మోసేది తలలను కాదు. తలలను రోజులతో గుణించగా వచ్చిన మొత్తాన్ని. నూరు గొర్రెలు పది రోజులు మేసినా, పది గొర్రెలు నూరు రోజులు మేసినా బీటి నుండి పోయే గడ్డి ఒక్కటే. పుల్లరి తలను చూచినది. కాపరి రోజును చూచినాడు. గడ్డికి కావలసినది రెండవ లెక్క.

ఇక ఆ లెక్క ఎట్లా చేయాలో చూద్దాము. మొదట మనము అర్థం చేసుకోవలసినది, బీటిలో ఉన్న గడ్డి అంతా మేత కాదని. గడ్డి ఆకు పశువుకు ఆహారం. అదే ఆకు గడ్డికి వంటశాల. ఎండను పట్టి తన వేరుకు కూడు వండి పంపేది ఆకే. ఆకంతా పశువు కొరికివేస్తే వేరుకు పస్తు. అమెరికాలో క్రైడర్ అనే శాస్త్రజ్ఞుడు 1955లో ప్రకటించిన ప్రయోగ ఫలితాలు ఈ విషయాన్ని కళ్ళకు కట్టిస్తాయి. ఆకులో సగం కోసివేసినప్పుడు వేళ్ళ ఎదుగుదల దాదాపు ఆగలేదు. నూటికి రెండు నాలుగు పాళ్ళు మాత్రమే తగ్గినది. నూటికి అరవై పాళ్ళు కోసినప్పుడు వేళ్ళలో సగం ఎదుగుదల మానినవి. ఎనభై పాళ్ళు కోసినప్పుడు వేళ్ళన్నీ పూర్తిగా ఆగిపోయినవి, అదీ పన్నెండు రోజులపాటు. సగానికీ అరవైకీ నడుమ ఉన్నది పది పాళ్ళే. ఫలితంలోని తేడా ఎంత చూడండి. ఆ ప్రయోగాలు అక్కడి గడ్డిజాతులపై జరిగినవి. మన గరికకు, తుంగకు అవే అంకెలు అచ్చంగా వర్తిస్తాయని అనుకోనక్కరలేదు. సూత్రం మాత్రం ఏ గడ్డికైనా ఒక్కటే: సగం మేపు, సగం విడు.

ఆ సగంలోనైనా అంతా పశువు కడుపులోకి పోతుందా? పోదు. గిట్టల కింద నలిగినది, పేడ పడినది, చెదలు, మిడతలు తిన్నది, ఎండి గాలికి పోయినది తీసివేయాలి. పచ్చిక బయళ్ళ నిర్వహణ శాస్త్రంలో ఇందుకు ఒక మోటు లెక్క ఉన్నది. మొత్తం గడ్డిలో సగం నేలకు విడువు. పావు భాగం నష్టమనుకో. మిగిలిన పావే మేత. రూపాయిలో పావలా అన్నమాట. ఈ పావలా లెక్కను మరువకుండా ఉంటే తక్కినదంతా సులభము.

వెదురు బద్దలతోనో, సన్నని ఇనుప కమ్మీతోనో నాలుగు వైపులా ఒక్కొక్క మీటరు ఉండే చదరాన్ని తయారు చేసుకోవాలి. దానిని బీటిలో ఇరవై చోట్లకు తక్కువ కాకుండా పడవేయాలి. ఇక్కడ నిజాయితీ అవసరం. మంచి గడ్డి ఉన్నచోట చూచి వేయకూడదు, బండ ఉన్నదని తప్పించకూడదు. వెనుకకు తిరిగి విసిరితే ఎక్కడ పడితే అక్కడే. చదరంలోని గడ్డిని కొడవలితో నేలకు దగ్గరగా కోసి సంచిలో కట్టాలి. పశువు ముట్టని వయ్యారిభామను, తంగేడును, జిల్లేడును ఏరి పారవేయాలి. తరువాత ఎండలో ఆరబెట్టాలి; తూచిన బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టాలి. పచ్చిగడ్డిలో అధికభాగం నీరే గనుక పచ్చి బరువుతో చేసిన లెక్క మోసపు లెక్క. ఎండిన గడ్డిని గ్రాములలో తూచి, ఇరవై చోట్ల సగటు తీస్తే చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు అని వస్తుంది. ఎకరా అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. కాబట్టి చదరంలో దొరికిన ఒక్కొక్క గ్రాము ఎకరాకు సుమారు నాలుగు కిలోలకు సమానం. ఈ నాలుగు అనే అంకె కంఠస్థం చేసుకొంటే కాగితం కూడ అక్కరలేదు.

ఉదాహరణకు ఒక ఊరికి నూరెకరాల బీడు ఉన్నదనుకొందాము. అందులో బండలు, బాటలు, సర్కారు తుమ్మ పొదలు ఇరవై ఎకరాలు ఆక్రమించినవి. మిగిలినది ఎనభై. కార్తీకమాసంలో కోసి ఎండబెట్టగా చదరానికి సగటున 120 గ్రాములు వచ్చినదనుకొందాము. ఎకరాకు 480 కిలోలు. ఎనభై ఎకరాలకు 38,400 కిలోలు. వినడానికి కొండంత. పావలా లెక్క ప్రకారం మేత 9,600 కిలోలు.

ఇక తినేవారి సంగతి. గొర్రె రోజుకు తన బరువులో నూటికి మూడు పాళ్ళ ఎండుమేత తింటుందని సుమారుగా లెక్క. ముప్పై కిలోల గొర్రెకు రోజుకు 900 గ్రాములు. పశువులకు నూటికి రెండున్నర పాళ్ళు అనుకొంటే మూడువందల కిలోల ఆవుకు ఏడున్నర కిలోలు. నాలుగువందల కిలోల గేదెకు పది కిలోలు. అనగా ఒక ఆవు ఎనిమిది గొర్రెల పెట్టు. ఒక గేదె పదకొండు గొర్రెల పెట్టు. ఇంటి దగ్గర వరిగడ్డి, జొన్నచొప్ప వేస్తారు గనుక, గేదె బీటిలో తిన్న మేరకే ఈ లెక్కలోకి తీసుకోవాలి. మేక సంగతి వేరు. అది తల పైకెత్తి ఆకు అందుకొనే జాతి. గడ్డి లెక్కలో దానిని పూర్తిగా ఇరికించడం న్యాయం కాదు. మేకను గూర్చి రైతులు చెప్పే చాడీలలో సగం నిజం, సగం అసూయ అని నా అభిప్రాయం.

మన ఉదాహరణ బీటిలో గొర్రెలు మాత్రమే మేస్తే, 9,600 కిలోలను ఏడాదికి ఒక గొర్రె తినే 328 కిలోలతో భాగించాలి. వచ్చేది ఇరవై తొమ్మిది! నూరెకరాల బీడు, సంవత్సరం పొడుగునా మోయగలది ఇరవై తొమ్మిది గొర్రెలను. ఈ లెక్క మొదటిసారి చేసినప్పుడు నేను తప్పు చేసినానేమోనని మూడుసార్లు సరిచూచుకొన్నాను. ఇరవై తొమ్మిది గొర్రెలతో ఏ కాపరి కుటుంబం బ్రతుకుతుంది? నూరు గొర్రెల మంద మన ప్రాంతంలో పెద్ద మంద కానే కాదు.

ఇక్కడనే తాత మాట పనికి వచ్చినది. తలలను కాదు, రోజులను అడగాలి. నూరు గొర్రెలకు రోజుకు 90 కిలోలు కావాలి; 9,600 కిలోలు 106 రోజులకు పైగా వస్తాయి. అనగా ఆ బీడు నూరు గొర్రెల మందను మూడున్నర నెలలు పోషిస్తుంది. ఆ మందకు పది ఆవులు తోడైతే రోజుకు 165 కిలోలు అవుతాయి; బీడు యాభై ఎనిమిది రోజులకే చేతులెత్తివేస్తుంది. మిగిలిన రోజులు మంద మరెక్కడనో బ్రతకాలి. పొలాల గట్లు, కోత కోసిన మళ్ళు, కాల్వ కట్టలు, నల్లమల అంచులు, ఇవన్నీ కలిసి సంవత్సరాన్ని పూర్తి చేస్తాయి. కాపరి ఇల్లు విడిచి మంద వెంట ఊళ్ళు పట్టి తిరగడం దేశద్రిమ్మరితనం అని చదువుకొన్నవారు అంటూ ఉంటారు. నిజానికి అది కాళ్ళతో చేసిన భాగహారం. ఇక్కడి బీడు 106 రోజులకు మించి మోయదని తెలిసినవాడు 107వ రోజున బయలుదేరుతాడు.

అందువలన మన ప్రాంతంలో బీటి లెక్క ఒక్కటే చాలదు, ఏడాది లెక్క కావాలి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాల్వలకు నీరు విడిచినారు. కుడి కాల్వ నీరు వచ్చిన తరువాత పల్నాటి నల్లరేగడి ముఖం మారినది. నీరు వద్దన్నవారు లేరు, అనవలసిన పనీ లేదు; మా తరం చదువుకొన్నదంటే ఆ నీటి పుణ్యమే. కాని గొర్రె వైపు నుండి ఒకసారి చూడండి. మెట్ట జొన్న కోసిన తరువాత చేను ఖాళీ. కాపరికి ఆ చేను మేత, రైతుకు ఆ మంద ఎరువు. చేనిలో రాత్రిపూట మంద కట్టించుకొని రైతు ధాన్యమో డబ్బో ఇచ్చేవాడు. ఇప్పుడు ఆ నేలలో ప్రత్తి, మిరప. ప్రత్తి తీతలు మాఘం దాకా సాగుతాయి; మిరప కోతలు ఎండాకాలంలోకి పోతాయి. అంతవరకు చేనిలో మందకు ప్రవేశం లేదు. ప్రవేశం దొరికినప్పుడైనా, పురుగుమందులు చల్లిన చేనిలోకి మందను తోలడానికి కాపరికి గుండె ఒప్పదు. జొన్న కోసిన మోళ్ళ మీద వచ్చిన లేత పిలకలకు నాము తగులుతుందని ఎరిగి తప్పించుకొనే కాపరికి, మందు చల్లిన ప్రత్తి ఆకులో ఏమున్నదో ఎరిగే ఉపాయం లేదు.

ఇట్లా చేల నుండి రావలసిన రోజులు తగ్గినవి. తగ్గిన రోజులను కాపరి బీటి మీద మోపుతాడు. మోపక ఏమి చేయగలడు? 106 రోజులు మోయవలసిన బీడు 150 రోజులు, 180 రోజులు మోయవలసి వస్తుంది. పావలా తినవలసిన చోట అర్ధరూపాయి తింటే, నేలకు విడువవలసిన సగంలో చేయి పడినదన్నమాట. మరుసటి ఏడు వానకు గడ్డి పలచబడుతుంది. పశువు ముట్టని తంగేడు, వయ్యారిభామ ఆ చోటు ఆక్రమిస్తాయి. అప్పుడు చదరంలో 120 గ్రాములు రావు. బీడు పాడైనది కాపరి దురాశ వలన అని తీర్పు చెప్పేవారు ఈ రోజుల బదిలీని గమనించరు.

బీటి విస్తీర్ణం కూడ నిలకడగా లేదు. మేత పోరంబోకు అని రికార్డులో ఉన్న నేల దున్నకంలోకి పోవడం, ఇండ్ల స్థలాలు కావడం, చెరువు శిఖం మీద కంచె లేవడం మనమందరమూ చూచినదే. ఇది మన ఊరి సంగతి మాత్రమే కాదు. ఎన్. ఎస్. జోధా అనే అర్థశాస్త్రజ్ఞుడు మన రాష్ట్రంతో సహా ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతపు గ్రామాలను పరిశీలించి 1986లో ప్రకటించిన వ్యాసం ప్రసిద్ధమైనది. 1950ల ఆరంభం నుండి మూడు దశాబ్దాలలో గ్రామాల ఉమ్మడి భూములు మూడవ వంతు మొదలుకొని సగం వరకు తరిగిపోయినవని ఆయన తేల్చినారు. మన ఉదాహరణలో ఎనభై ఎకరాలలో ఇరవై ఎకరాలు పోయినవనుకొందాము. మేత 9,600 నుండి 7,200 కిలోలకు దిగుతుంది. 106 రోజులు 80 అవుతాయి. ఇరవై ఎకరాలు పోయినవి అంటే గ్రామసభలో ఎవరికీ పట్టదు. నూరు గొర్రెలకు ఇరవై ఆరు రోజుల కూడు పోయినది అంటే పట్టవచ్చును. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించడానికి పథకాలు సిద్ధపరచవలసినదిగా రాష్ట్రాలన్నిటిని ఆదేశించినది. తీర్పు ఉన్నది, దానిని చేతబట్టుకొని అడగడానికి మన దగ్గర కిలోల లెక్క, రోజుల లెక్క లేవు.

సగటును నమ్మవద్దని కూడ ఇక్కడనే చెప్పాలి. 120 గ్రాములు వచ్చిన బీడే వానలు చక్కగా పడిన ఏట 180 గ్రాములు, చెడిన ఏట 50 గ్రాములు ఇస్తుందనుకోండి. నూరు గొర్రెలకు మంచి ఏట 160 రోజులు. చెడ్డ ఏట నలభై నాలుగు. 2002 జూలైలో దేశమంతటా వాన ముఖం చాటువేసిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. మంచి ఏడు చూచి మందను పెంచినవాడు చెడ్డ ఏట అగ్గువకు అమ్ముకోవలసి వస్తుంది, అందరూ ఒక్కసారే అమ్ముతారు గనుక. అందుచేత ఏటేటా వానలు వెనుకపట్టగానే, అనగా అక్టోబరు నెలాఖరుకు, చదరం వేసి తూచుకోవాలి. లోటు కార్తీకంలోనే తెలిస్తే పొట్టేళ్ళను సకాలంలో అమ్ముకోవచ్చును. సంక్రాంతి తరువాత తెలిస్తే అప్పటికి గొర్రె ఎముకలు బయటపడి ఉంటాయి.

కాలాన్ని గూర్చి మరొక్క ముక్క. తొలకరికి మొలిచిన పచ్చిక చూచి మందలు ఎగబడతాయి. అప్పుడు గడ్డి తన వేరులో దాచుకొన్న కొద్దిపాటి కూడును ఖర్చుపెట్టి ఆకు తీస్తున్నది. ఆ ఆకును కొరికితే తిరిగి తీయడానికి దాపు ఉండదు. తొలి వానల తరువాత ఆరు వారాలైనా ఊపిరి తీసుకోనివ్వాలి. బీడంతా మూయడం సాధ్యం కాదు. నాలుగు ముక్కలు చేసి, ఏడాదికొక ముక్కను వంతులవారీగా గింజ రాలేదాకా మూసి ఉంచితే నాలుగేండ్లకు బీడంతా ఒక చుట్టు విశ్రాంతి పొందుతుంది. ఝాన్సీలో 1962లో నెలకొన్న పచ్చిక, పశుగ్రాస పరిశోధన సంస్థవారు అంజన్ గడ్డిని, స్టైలోను బీళ్ళలో చల్లమంటారు. మంచిదే. కాని లెక్కలేకుండా మేపితే కొత్త గింజ కూడ పాత గడ్డి దారినే పడుతుంది.

ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసుకొని నేను మరల ఆ తాత దగ్గరకు పోయినాను. నూరు గొర్రెలు, 106 రోజులు అని చదివి వినిపించినాను. ఆయన శ్రద్ధగా విని, “అంతా బాగానే ఉంది మాస్టారూ. కాకపోతే దారిన పోయే మందలు మీ కాగితంలో లేవే!” అన్నాడు. నిజమే. మూడవ ఊరి మంద రెండు రాత్రులు ఇక్కడ ఆగి మేసిపోతే నా భాగహారం ఏమవుతుంది? తలుపు లేని ఇంటికి తాళం లెక్క చెప్పినట్లయినది నా పని.

గారెట్ హార్డిన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1968లో ఇదే సంగతిని ఒక సుప్రసిద్ధ వ్యాసంలో వాదించినాడు. అందరికీ తెరిచి ఉన్న పచ్చికలో ప్రతివాడూ మరొక పసరాన్ని చేర్చుతాడు; లాభం తనది, నష్టం అందరిది; చివరకు పచ్చిక నాశనం. ఆ వాదం విని అనేకులు ఉమ్మడి భూమి అంటేనే నాశనం అని తీర్మానించుకొన్నారు. నా దృష్టిలో ఇది తొందరపాటు. ఉమ్మడి వేరు, కాపు లేనిది వేరు. మన రాయలసీమలోనే దీనికి సాక్ష్యం ఉన్నది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలోని కాల్వ కింది గ్రామాలను పరిశీలించి 1988లో గ్రంథం ప్రచురించినాడు. అక్కడ కొన్ని గ్రామాల పెద్దలు పంట కోసిన పొలాలలో మేపుకొనే హక్కును వలస మందలవారికి డబ్బుకు ఇచ్చేవారు. ఆ సొమ్మును గ్రామనిధికి జమ కట్టి, పైరు కాపలాదారులకు జీతాలు ఇచ్చేవారు. మందలు ఇష్టం వచ్చినప్పుడు దిగడానికి వీలులేదు. అది ఏ ప్రభుత్వ పథకమూ కాదు, ఊరివారు తమంతట తాము కట్టుకొన్న ఏర్పాటు. ఇటువంటి ఏర్పాట్లు ప్రపంచంలో అనేక చోట్ల నిలిచి ఉన్నవని నిరూపించిన ఎలినోర్ ఆస్ట్రమ్ గారికి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది.

ఉర్దూలో పచ్చిక బయలును ‘చరాగాహ్’ అంటాము. అరబ్బు దేశంలో కాపు గల చరాగాహ్‌కు ‘హిమా’ అని పేరు. హజ్రత్ ఉమర్ (రజి) తన ఖిలాఫత్ కాలంలో హిమా కాపలాకు హునై అనే సేవకుని నియమించి చేసిన హితబోధ హదీసు గ్రంథాలలో ఉన్నది. కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి గొర్రెలు కలవారిని లోనికి రానిమ్మన్నారు. ఇబ్నె ఔఫ్, ఇబ్నె అఫ్ఫాన్ వంటి సంపన్నుల మందల విషయంలో జాగ్రత్త వహించుమన్నారు. వారి పశువులు చచ్చినా వారికి తోటలున్నవి, పొలాలున్నవి. పేదవాని పశువులు చస్తే వాడు బిడ్డలతో వచ్చి నా ఎదుట నిలబడతాడు అని దాని భావం. బీటికి రోజుల లెక్క కట్టిన తరువాత, ఆ రోజులను ఎవరికి ముందు పంచాలి అనే ప్రశ్న వస్తుంది. అయిదు గొర్రెల వితంతువుకూ అయిదు వందల గొర్రెల ఆసామికీ తలకింత అని ఒకే సూత్రం పెట్టిన పుల్లరికి ఈ ప్రశ్న తట్టలేదు. మన ఉదాహరణ బీటికి మొత్తం 10,600 గొర్రె-రోజులు ఉన్నవి. ఇంటికి ఇన్ని అని చిన్నవారికి మొదట కేటాయించి, మిగిలినవి పెద్ద మందలకు, అటుపైన మిగిలితే దారిన పోయే మందలకు రుసుముపై ఇవ్వవచ్చును. ఆ రుసుము సర్కారుకు కాక ఊరి బీటికే తిరిగి చేరితే, సర్కారు తుమ్మను వేళ్ళతో పెకలించడానికి కూలి డబ్బులు అయినా వస్తాయి.

కళాశాల కమిటీ పెద్దలకు నాదొక విన్నపం. ఈ పనికి కావలసిన సామగ్రి అంతా మన దగ్గర ఉన్నదే. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో గ్రాములు తూచే త్రాసు ఉన్నది. చదరం చేయడానికి ఒక వెదురు గడ, ఒక మూర పురికొస చాలు. మన జిల్లా కేంద్రం ఇప్పుడు నరసరావుపేట అయినను, పశుపరిశోధనా స్థానమున్న లాం ఇక్కడికి దూరం కాదు. లెక్కలో సందేహం వస్తే అక్కడి శాస్త్రజ్ఞులను అడిగి రావచ్చును. జాతీయ సేవా పథకపు విద్యార్థులు ఇరవై మంది, చెరి ఒక చదరం చొప్పున కోసితే ఒక్క ఉదయంలో పని ముగుస్తుంది. కోసిన గడ్డిని మన మేడ మీద పాత వార్తాపత్రికలపై పరచి ఆరబెట్టుకోవచ్చును, కోతుల బెడద లేకుండా ఒకరు కాపలా ఉండాలి. రాబోయే అక్టోబరు చివరి ఆదివారం దీనికి అనువైన రోజు. ప్రశ్న అడిగిన విద్యార్థి తన కొడవలి తానే తెచ్చుకొంటానన్నాడు. తాతను కూడ పిలిచినాను. చదరాలు పడవేసే పని తనకు అప్పగిస్తేనే వస్తానన్నాడు.